పెద్దమ్మ గది ప్లగ్గులో రాగితీగ

కొత్త మనిషి వస్తోందన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది ఆ ఇంటి డ్రైవరే. మలబారు ముసలాయన. చేపల సంచీ వంటింటి గడప మీద పెట్టి, పని అయిపోయినా కదలకుండా నిలబడ్డాడు. అలా నిలబడ్డాడంటే కడుపులో మాట ఆగడం లేదని అర్థం.

"ఏంటి భాయ్?" అన్నాను.

"నీ పని సగం ఖలాస్," అన్నాడు నవ్వుతూ. "పెద్దావిడ దగ్గరికి వేరే మనిషిని పెడుతున్నారు. మీ తెలుగామే. చదువుకున్నదట."

"చదువుకుంటే? కాళ్లు పట్టడానికి పరీక్ష పెడతారా?"

"నాకేం తెలుసు? వయసులో ఉన్న మనిషట కూడా," అని ఇంకో చిటికెడు కారం చల్లి వెళ్లిపోయాడు.

ఇళ్లలో పనికి గల్ఫు వెళ్లబోయే అమ్మాయిలు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను. బహ్రెయిన్‌లో, అద్లియాలో హోటళ్ల వెనక వీధిలో ఒక పాత ఇల్లు. ఆ ఇంట్లో సార్, మేడం, సార్ వాళ్లమ్మ. ఆ ముసలమ్మగారిని నేను మనసులో పెద్దమ్మ అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను. కొత్త మనిషి వచ్చేనాటికి ఆ ఇంట్లో నాకు పదకొండేళ్లు. ఆ ఇంటి ఉప్పు తిన్నాను, ఆ ఇంటివల్లే మా వాళ్లు మూడు పూటలా తిన్నారు. అందుకు దేవునికీ వాళ్లకీ ఎప్పుడూ కృతజ్ఞురాలినే. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది కృతజ్ఞత గల మనిషి చేసే పని కాదు.

నేను బడికి వెళ్లలేదు. మా నాయనమ్మ చేటలో బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఆ తర్వాత చదువంతా బైబిలులోనే. అందుకని డ్రైవరు అన్న మాటల్లో వయసు మాట పోయింది గానీ, "చదువుకున్నదట" అన్నది మాత్రం ముల్లులా ఉండిపోయింది.

ఆమె వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి పాసయింది. పెట్టె కింద పెట్టకముందే పలకరించింది.

"అక్కా, నీది ఏ ఊరు?"

మొదటి మాటకే "నువ్వు". వాళ్ల వైపు అది ఆప్యాయతేనట. నాకప్పుడు తెలియదు.

"గోదావరి పక్క," అన్నాను, ముక్తసరిగా.

"మాది గూడ గోదారి పక్కనే అక్కా! మేము మీకు పైన. మేము తాగంగ మిగిలిన నీళ్లే మీకొచ్చేది," అని పకపకా నవ్వింది.

పరాచికమే. నేను నవ్వలేదు. వారం రోజుల పాటు ఆ నీళ్ల మాటకు నాలో నేనే జవాబులు కట్టుకున్నాను. ఒక్కటీ ఆమె మాటంత బాగా కుదరలేదు.

నాలుగు నెలల్లో పెద్దమ్మ గది ఆమెదైపోయింది. తల దువ్వడం, మందులు, కాళ్లు, కబుర్లు, అన్నీ. పదకొండేళ్లు ఆ కాళ్లు పట్టిన నన్ను పెద్దమ్మ "యల్లా, యల్లా" అనే పిలిచింది, త్వరగా రమ్మని. ఈమెను మాత్రం "బింతీ" అంది. నా కూతురా అని దానర్థం. వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ ఆ పిలుపు వినపడినప్పుడల్లా కత్తి కాస్త గట్టిగా పడేది. కన్నీళ్లకు ఉల్లిపాయలు సాకుగా దొరికాయి, వాటికీ స్తోత్రం.

అదొక్కటే కాదు. ఆమెకు మొగుడు కూడా ఆ దేశంలోనే ఉన్నాడు. సిత్రాలో క్యాంపు, కంపెనీలో ఎలక్ట్రీషియన్ కింద పని. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడేవాడు. లోపలికి రానివ్వరు. ఇద్దరూ ఇనుప ఊచలకు ఇటూ అటూ నిలబడి నవ్వుకునేవాళ్లు. నేను విధవరాలిని. వంటింటి కిటికీ సరిగ్గా గేటు వైపే ఉంటుంది.

శుక్రవారం పొద్దున నేను హూరాలో ఒక ఫ్లాటులో జరిగే మా తెలుగు సంఘానికి వెళ్లేదాన్ని. మోకాళ్ల మీద ఏమని ప్రార్థించేదాన్నో చెప్పనా? "ప్రభువా, ఆ బిడ్డకు ఇంతకంటే మంచి ఇల్లు, ఇంతకంటే మంచి మేడంను చూపించు." వినడానికి ఆశీర్వాదంలాగే ఉంటుంది. లోపల ఉన్నది, ఆమె వెళ్లిపోవాలి అని. విన్నవాడికి అది తెలియకుండా పోతుందా!

ఇక ప్లగ్గు సంగతి.

బహ్రెయిన్‌లో ప్లగ్గులకు మూడు దళసరి పలకల కాళ్లుంటాయి. ఒక్కో ప్లగ్గు కడుపులో మందుబిళ్లంత ఫ్యూజు ఉంటుంది. మన ఇళ్లలో ప్లగ్గులకు అది ఉండదు. మనకు ఫ్యూజంటే గోడ మీద బోర్డులో ఉండే తెల్ల పింగాణీ ముక్క. అది పోతే మా ఊళ్లో లైన్‌మన్ కోసం చూసేవాళ్లం కాదు. పాత వైరులోంచి ఒక పోగు లాగి చుట్టేసేవాళ్లం. మా వీధిలో ఆ పని నాకంటే త్వరగా చేసే మగవాడు లేడు. దాన్ని నేను విద్య అనుకునేదాన్ని.

పెద్దమ్మ గదిలో అందుబాటులో ఉన్న సాకెట్టు ఒక్కటే, మంచం పక్కన పరదా వెనక. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆ బోర్డుకు చలికాలంలో హీటరు, చాయ్ కోసం నీళ్ల కెటిలు, ఫోను ఛార్జరు. ఎడారి దేశంలో చలేంటి అంటారేమో, జనవరిలో ఉత్తరపు గాలి వీచినప్పుడు ముసలి ఎముకలను అడగండి.

ఒకరోజు పొద్దున ఆ బోర్డు పనిచేయడం మానేసింది. పెద్దమ్మను తీసుకుని ఆమె ఆస్పత్రికి వెళ్లింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మెప్పు పొందడానికి ఇదే సమయం అనుకున్నాను. ప్లగ్గు ఊడదీసి, కత్తి మొనతో మరలు విప్పాను. ఫ్యూజు మాడిపోయి ఉంది. కొత్తది ఎక్కడ కొంటారో తెలియదు, అడిగితే పేరు పంచుకోవాలి. పాడైన మిక్సీ వైరులోంచి మూడు రాగిపోగులు లాగి, మెలిపెట్టి, ఫ్యూజు ఉండే చోట బిగించాను. ఒక పోగు చాలేమో గానీ గట్టిగా ఉండాలని మూడు వేశాను. స్విచ్చి నొక్కితే హీటరు ఎర్రదీపం వెలిగింది. స్తోత్రం అన్నాను, పైకే.

సాయంత్రం మేడం వచ్చి, "బోర్డు బాగైందే, ఎవరు చేశారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ మంచం మీంచి, "ఇంకెవరు, నా బింతీ. ఆమె మొగుడు కరెంటు పనివాడు కదా, నేర్పి ఉంటాడు," అంది. మేడం తలూపి "శాబాష్" అంది. ఆ శాబాష్ నా ముందు నుంచి దాటి, గదిలో లేని మనిషికి వెళ్లిపోయింది. తెరిచిన నోరు మూసుకుని గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లాను.

కాసేపటికి ఆమె వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, మేడం నన్ను మెచ్చుకుంటున్నది. నేనేం జెయ్యలే. ఆ ప్లగ్గు బాగు జేసింది నువ్వా?"

"నేనే."

"మరి మేడంకు చెప్తా."

"చెప్పొద్దు. నీ పేరే ఉండనీ. ఈ ఇంట్లో అన్నీ నీకే కదా."

ఆ దెప్పుడు ఆమెకు తగిలిందో లేదో, ప్లగ్గు మీదే ఉంది ఆమె ధ్యాస.

"ముట్టుకుంటే వెచ్చగున్నదక్కా. లోపల ఫ్యూజు ఏసినవా?"

ఆమెకదొక అలవాటు. గది ఊడ్చినప్పుడల్లా ప్లగ్గులను చేతి వెనకభాగంతో తాకి చూసేది, పిల్లల జ్వరం చూసినట్టు.

"తీగ వేశాను. మా ఊళ్లో అందరం అదే వేస్తాం."

"అయ్యో, తీగ ఎయ్యద్దక్కా! ఫ్యూజు కాలిపోయిందంటే మంచిదే. అది సచ్చి మనల్ని కాపాడినట్టు. తీగ సావది, అది ఉండంగ మనం కాలుతం. శుక్రారం ఆయన వస్తడు గద, కొత్త ఫ్యూజు తెమ్మంట."

ఆ మాట మా సంఘంలో ఎవరైనా అని ఉంటే ఆమేన్ అనేదాన్ని. ఆమె అంది గనుక, "ఈ దేశంలో కరెంటు నేర్చింది నీ మొగుడొక్కడేనా?" అన్నాను.

"సరే అక్కా. గని అందాక హీటరు, కెటిలు ఒక్కసారే పెట్టద్దు. ఒకటి బంద్ జేసినంకనే ఇంకోటి. రెండు గలిస్తే ఆ వైరు మొయ్యది."

"ఆర్డరా?"

"ఆర్డరెందుకక్కా, బతిమాలుతున్న."

శుక్రవారం వచ్చింది. సార్, మేడం భోజనానికి బంధువుల ఇంటికి వెళ్లారు. నేను సంఘం నుంచి వచ్చి, పొద్దున డ్రైవరు తెచ్చిన చేపలు కడిగి పెట్టాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక గేటు దగ్గర ఆమె మొగుడు కనిపించాడు.

"అక్కా, ఐదు నిమిషాలు పెద్దమ్మ తాన కూసో. ఫ్యూజు తెచ్చిండు, తీస్కొని వస్త," అంది.

సరేనని వెళ్లి కూర్చున్నాను. హీటరు నడుస్తోంది. పెద్దమ్మ కళ్లు తెరిచి నన్ను చూసి, అటూ ఇటూ వెతికి, "బింతీ ఏది? చాయ్ ఏది?" అంది.

"నేను పెడతాను మామా," అన్నాను. అక్కడ ఇంటి పెద్దావిడను అలా పిలవాలి, మన మామ కాదు, అమ్మ. పెద్దమ్మ "నువ్వా?" అన్నట్టు చూసింది. ఆ చూపు తర్వాత నేను ఎలాంటి చాయ్ పెట్టదలుచుకున్నానో మీరు ఊహించుకోవచ్చు. కుంకుమపువ్వు, యాలకులు, బంగారు అంచున్న చిన్న గాజుగ్లాసు, అన్నీ.

కెటిలు స్విచ్చి మీద వేలు పెట్టాను. హీటరు ఆపాలన్న మాట గుర్తుంది. మరిచిపోయానని రాస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ బాగా గుర్తుంది. ఆమె చెప్పింది గనుకే ఆపలేదు. కెటిలు వేసి యాలకుల కోసం వంటింట్లోకి వెళ్లాను.

బంగారు అంచు గ్లాసు పై అరలో ఉంది. స్టూలు వేసుకుని తీశాను. దుమ్ముంటే కడిగాను, తుడిచాను. ఏదో నీచు వాసన వచ్చింది. చేపలు పాడయ్యాయా అనుకుని మూత తీసి చూశాను కూడా. కాలుతున్న ప్లగ్గుకు చేపల నీచు వాసన వస్తుందని నాకెవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి.

ఆ వాసన నాకంటే ముందు గుర్తుపట్టింది ఆమె, వాకిట్లోంచే. కేక వినబడింది. నేను గది గుమ్మం దగ్గరికి చేరేసరికి పరదా అంచు అంటుకుని ఉంది. గోడ దగ్గర స్విచ్చి కరిగి వంకరపోయింది, అప్పటికే లోపలికి ఉరికిన ఆమె ఎంత కొట్టినా కదలడం లేదు.

"మెయిన్ బంద్ జెయ్యక్కా!"

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. పదకొండేళ్ల ఇల్లు, మెయిన్ ఎక్కడుందో నాకు తెలియదు.

"వంటింట్ల! తలుపెనక! నీ సంచి తగిలిస్తవు సూడు, దానెన్క!"

నిజమే. నేను రోజూ చేతిసంచీ తగిలించే ఆ చిన్న ఇనుప తలుపు వెనకే ఉన్నాయి స్విచ్చులన్నీ. నాలుగు నెలలకే ఆమె చూసింది. పరుగెత్తాను. నేను వాటిని దించేలోపే ఆమె ఆగలేక ఆ కరిగిన ప్లగ్గును వట్టి చేత్తో పట్టి లాగేసింది. అలా ఎప్పుడూ చేయకూడదు, అది ఆమెకూ తెలుసు. కానీ మంట దుప్పటికి జానెడు దూరంలో ఉంది. పరదాను కిందికి గుంజి కంబళి కప్పి తొక్కింది, పెద్దమ్మను చంకల కింద చేతులు వేసి హాల్లోకి ఈడ్చుకొచ్చింది. పెద్దమ్మకు దగ్గు తప్ప ఏమీ కాలేదు. ప్రభువుకు వేల స్తోత్రాలు. ఆమె కుడిచేతి వేళ్లకు మాత్రం ప్లగ్గు ముద్ద అంటుకుపోయింది.

మర్నాడు కరెంటు మనిషి వచ్చాడు. మాడిన ప్లగ్గును హాల్లో బల్ల మీద విప్పాడు. మూడు రాగిపోగులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎంత గట్టిగా బిగించానో!

"ఫ్యూజు ఉండుంటే ఇక్కడితో ఆగేది. ఈ తీగ ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

ఎవరూ నా వైపు చూడలేదు. మేడం చూపు తిన్నగా ఆమె మీదికి వెళ్లింది. బాగుచేసింది ఆమె, మొగుడు కరెంటు పనివాడు, మంట రేగినప్పుడు గేటు దగ్గర ఉన్నది కూడా ఆమె. ఇంకేం కావాలి? సార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఖలాస్. ఊరికి టికెట్ తీయండి," అన్నాడు. మొగుడి కంపెనీకి కూడా ఫోను చేస్తానన్నాడు, నేర్పింది వాడే కదా అని.

ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని నేల చూసింది. నేను గోడ చూశాను. నా మనసులో ఏముందో దాచను. శాబాష్ ఆమెకు వెళ్లినప్పుడు ఊరుకున్నాను, ఇదీ ఆమెకే వెళ్లనీ అనుకున్నాను. అది న్యాయమని కూడా అనిపించింది. అసూయ తూకం వేస్తే అన్నీ సమానంగానే తూగుతాయి.

రెండు రోజులు గడిచాయి. ఆమె తన చేత్తో తినలేదు. నేనే కలిపి ముద్దలు పెట్టాను. ఆ రెండు రోజులూ ప్రార్థనకు కూర్చోలేదు. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో రోజు పెరుగన్నం పెడుతుంటే అంది, "అక్కా, ఉప్పు ఎక్కువేసినవ్. నీ మనసు మనసుల లేదు."

ఇంకో ముద్ద తిని, "ఆయనను కంపెనీ ఆఫీసుకు పిలిచిండ్రట. ఇద్దరం ఒక్క విమానంలనే పోతమేమో. వచ్చేటప్పుడు గట్ల రాలే," అంది. నవ్వబోయింది. కుదరలేదు.

"తీగ నేను పెట్టానని నీకు తెలుసు," అన్నాను. "ఎందుకు చెప్పలేదు?"

నా వంక వింతగా చూసింది. "చెప్పద్దన్నది నువ్వే గదక్కా."

దెప్పిపొడుపు కాదది. నిజంగానే అలా అనుకుంది. పెద్దది ఒక మాట అంటే నిలబెట్టింది, అంతే. దేవుడి తోడు, ఆ క్షణంలో కూడా నాకు ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు. ఈ మంచితనం కూడా దీనికేనా అని కడుపు భగ్గుమంది. అది నాకు కావాలనిపించింది. అది ఎలా వస్తుందో తెలియలేదు. తెలిసిన దారి ఒక్కటే కనిపించింది.

పెరుగు చెయ్యి కడుక్కోకుండానే లేచి హాల్లోకి వెళ్లాను. సార్, మేడం, చక్రాల కుర్చీలో పెద్దమ్మ, అందరూ ఉన్నారు. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో చెప్పాను. తీగ నేను పెట్టాను. కెటిలు నేను వేశాను. ఆమె వద్దని చెప్పింది. ఆమె మొగుడు గేటుకు వచ్చింది కొత్త ఫ్యూజు ఇవ్వడానికి.

"ఎందుకు?" అంది మేడం.

అసూయకు అరబ్బీలో ఏమంటారో పదకొండేళ్లలో నేర్చుకోలేదు. వంటింట్లో ఆ మాటతో పనిపడదు. పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మకు మాట అక్కర్లేకపోయింది. ఒకసారి పళ్లులేని నోరు చప్పరించి, "ఆ రోజు చాయ్ పెడతానన్నావు. ఇప్పటిదాకా రాలేదు," అంది.

ఆమె టికెట్ ఆగింది. సార్ కంపెనీకి మళ్లీ ఫోను చేశాడు, మొగుడి పని నిలిచింది. నన్ను పంపించలేదు. ఆ దయను బతికున్నంతకాలం తలుచుకుంటాను. కాకపోతే ఆనాటి నుంచి పెద్దమ్మ గదిలోకి నాకు ప్రవేశం లేదన్నారు. చాయ్ పళ్లెం గుమ్మం దగ్గర అందించాలి, అక్కడి నుంచి ఆమె తీసుకుంటుంది. పెద్దమ్మ పోయేదాకా మూడేళ్లు అలాగే అందించాను. లోపల వాళ్లిద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు విని నా కడుపుమంట చల్లారిందని రాస్తే ఈ పేజీకే పాపం.

మేడం ఆ కరెంటు మనిషినే మళ్లీ పిలిపించి ఇంట్లో ప్లగ్గులన్నీ చూపించింది. ఆయన వంటింటి బల్ల మీద ఒక పాత ప్లగ్గు పెట్టి, ఏ వైరు ఏ మరకు వెళ్తుందో, ఏ సామానుకు ఏ నంబరు ఫ్యూజో నాకు ఓపిగ్గా చూపించాడు. నా నాయనమ్మ తర్వాత నాకు చదువు చెప్పింది ఆయనే. కాబట్టి అమ్మాయిలూ, ఏ ఇంట్లో చేరినా మొదటి రోజే మెయిన్ ఎక్కడో అడగండి. ఫ్యూజు పోతే ఫ్యూజే వేయండి, అది ఎందుకు పోయిందో అడగండి. మన ఊరి విద్య మన ఊళ్లో కూడా విద్య కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకంటే బాగా తెలిసిన మనిషి పక్కనుంటే, ఒళ్లు మండుతున్నా సరే, విని చెప్పినట్టు చేయండి. మండటం తర్వాత కూడా మండొచ్చు.

పెద్దమ్మ పోయాక ఆమె, మొగుడు ఊరికి వెళ్లిపోయారు. కొన్నేళ్లకు నేనూ వచ్చేశాను. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లందరూ చాటలు ముందేసుకుని బీడీలు చేస్తారట. "నాకొక్కదానికే చాట లేదక్కా, వేళ్లు మడుస్తలేవు. వాళ్లందరు చేస్తుంటె నేను ముచ్చట్లు చెప్త," అంది మొన్న. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు. నవ్వుతూనే అంది.

మీరు ప్రార్థన చేసేవాళ్లయినా, దీపం పెట్టేవాళ్లయినా, ఏదీ చేయకుండా ఊరికే కళ్లు మూసుకునేవాళ్లయినా, ఒక్కసారి ఆమెను తలుచుకోండి. పేరు రాయలేదు, రాయను కూడా. జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న ఆ చెయ్యి అనుకుంటే చాలు. చదివి జాలిపడి నన్ను కూడా కలుపుతారేమో, కలపకండి. నా పక్కన ఎవరినీ ఓర్వని మనసు నాది, ఇది అడగడం నాకేమీ సులువుగా లేదు. అయినా అడుగుతున్నాను. ఆమెను ఒక్కదాన్నే తలుచుకోండి.